ఒకటి ఒత్తితే ఆయప్ప

"నా నోట ఆ పేరు రాదు. నువ్వు తలకిందులుగా నిలబడినా రాదు," అనేసింది విశాలమ్మ.

సహన మొబైల్ చేతిలో పట్టుకుని అత్తగారి ముందు చాప మీద కూర్చుని ఉంది. రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది. గుమ్మంలో నిలబడ్డ గిరీశ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇదే గలాటా. బంగారుపేట బజారంతా అంగళ్ళు తెరిచి బేరాల్లో పడింది గానీ, ఈ ఇంట్లో మాత్రం నాలుగు మాటల పలకరింపు ఒకటి ముందుకు సాగడం లేదు. కింద మండీలో రాగుల బస్తాలు మోసే హమాలీలు సైతం పని ఆపి మెట్ల వైపు చెవులు పెట్టారు.

"అమ్మా, అది నీకు తాళి కట్టిన మనిషి పేరు. బూతు మాట కాదు గదా?" అన్నాడు గిరీశ్.

"రేయ్, నోరు కడుక్కోని రా పో."

"నువ్వు ఊరికే ఉండు గిరీ," అంది సహన. "అత్తా, ఇంగొక తూరి. నేను చెప్పినట్లే చెప్పండి. నమస్కారం, శ్రీ వెంకటరమణ ధాన్యం మండీ. వెంకటరమణప్ప గారితో మాట్లాడల్ల అంటే ఒకటి ఒత్తండి. గిరీశ్‌తో మాట్లాడల్ల అంటే రెండు ఒత్తండి. అంతే."

కోడలు మొగుణ్ణి "గిరీ" అన్నప్పుడల్లా విశాలమ్మ గుండె దడదడమంటుంది. పైకి ఏమీ అనదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మాత్రం కొడుకు పేరు మీద ఇంకో వత్తి ఎక్కువ వేస్తుంది.

ఆవిడ కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. మొబైల్‌కు ఒక నమస్కారం కూడా పెట్టింది.

"నమస్కారం. ఇది... మన మండీ. ఆయప్పతో మాట్లాడల్ల అంటే ఒకటి ఒత్తండి. గిరీశప్పతో అంటే రెండు ఒత్తండి. అందరూ భోంచేసినారా?"

"భోంచేసినారా ఏమమ్మా!" గిరీశ్ గుమ్మం మీద చెయ్యి చరిచాడు. "మెషీన్‌కు ఎవరు జవాబు చెప్తారు? ఆయప్ప అంటే ఎవరో ఊరికంతా ఎట్ల తెలుస్తాది?"

"ఊరికంతా తెలుసు. తెలియంది నీకే."

ఆ మాటకు గిరీశ్ తల దించుకున్నాడు. ఎందుకో ముగ్గురికీ తెలుసు. పోయిన శుక్రవారం నుంచి ఆ ఇంట్లో ఏ మాట ఎత్తినా చివరికి అక్కడికే వచ్చి ఆగుతోంది.

రోడ్డు తవ్వకాల్లో మండీ పాత ఫోన్ తీగ తెగిపోయి, ఇక అతుకు పడదని తేలాక, గిరీశ్ ఇంటర్నెట్ ఫోన్ పెట్టించాడు. నంబరు అదే. తీగ పోయి డబ్బా వచ్చింది. నల్లటి కొత్త సెట్టు, దానికో చిన్న తెర, దాని నిండా బొత్తాలు. జీవితమంతా గొంతులు విని బేరాలు చేసిన వెంకటరమణప్ప ఆ బొత్తాల మధ్య తికమకపడ్డాడు. ఒక రైతు చేసిన ఫోన్ ఎత్తబోయి కోసేశాడు. రెండోవాడిదీ కోసేశాడు. అప్పుడే గిరీశ్ నలుగురు రైతుల ముందు నోరు జారాడు. "నాయనా, ఇంగ నువ్వు ఫోన్ ముట్టొద్దు. గల్లా కాడ సుమ్నె ఊరికే కూర్చో, సాలు."

వెంకటరమణప్ప కొడుకును చూడలేదు. మెట్ల మీద కాఫీ గ్లాసుతో నిలబడ్డ పెళ్ళాం వైపు చూశాడు. విశాలమ్మ ఒక్క మాట అనలేదు. కొడుకును కసరలేదు, మొగుణ్ణి ఆపలేదు. ఆయన మూగబోయిన పాత ఫోన్‌ను గోడ నుంచి ఊడదీసి, తువ్వాల్లో చుట్టుకుని, శ్రీనివాసపురం బస్సెక్కి మామిడి తోటకు వెళ్ళిపోయాడు. మొబైల్ అన్నది ఆయన ఏనాడూ పెట్టుకోలేదు. అంతే, మళ్ళీ రాలేదు.

ఇక ఈ పేరు సంగతి. మొగుని పేరు పలికితే ఆయనకు ఆయుస్సు తగ్గుతుందని కాపురానికి వచ్చిన కొత్తలోనే విశాలమ్మ చెవిలో ఆవిడ అత్తగారు వేసింది. పేరు పలక్కుండా బతకడం ఏమంత కష్టం, ఎంతమంది ఆడవాళ్ళు బతకలేదు! విశాలమ్మ కష్టం వేరు. ఆ పేరు ఇంటి దేవుడిది కూడా. అందుకే ఆవిడకు తిరుపతి దేవుడు "కొండసామి" అయ్యాడు. దేవుడి పేరు మీదే పెట్టిన మండీ "మన మండీ" అయింది. పాత ఫోన్‌కు పైన ఇంట్లో ఇంకో సెట్టు ఉండేది. ఆయన లేనప్పుడు అది ఎత్తి "ఆఁ, మండీ" అనేది. అవతల రైతు ఎవరో ఊపిరి శబ్దంతోనే పట్టేసేది.

ఆ గొంతు అందరికీ తెలుసు కాబట్టే ఈ రికార్డింగు ఆవిడ మెడకు చుట్టుకుంది. మొదట సహన గొంతే పెట్టారు. చక్కటి గొంతు, చక్కటి కన్నడం. పల్లెల్లో రైతులు ఆ "నమస్కార" వినగానే ఎవరో లోన్ ఇచ్చే పాప అనుకుని కోసేశారు. రాగుల కోతలు ముగిసి సరుకు దిగే వేళలో మండీకి ఫోన్లు తగ్గిపోయాయి.

విశాలమ్మ అందుకే ఒప్పుకుంది అనుకున్నాడు గిరీశ్. కాదు. ఆవిడ లెక్క ఆవిడకుంది. ఒకటి ఆయనది అన్నారు. జనం ఒకటి నొక్కుతారు. కింద ఆయన కుర్చీ దగ్గర ఫోన్ మోగుతుంది, ఎత్తేవాడు ఉండడు, రైతులు తోటకు పోయి చెబుతారు. ఫోన్ మోగుతుంటే కూర్చోలేని మనిషి, ఎన్నాళ్ళని చెవులు మూసుకుంటాడు? వచ్చేస్తాడు. ఈ ఆశ ఎవరికీ చెప్పుకోలేదు.

"ఇప్పటికి సాలు. మధ్యాన్నం చూస్తాము," అని సహన రికార్డింగు ఆపింది.

* * *

ఎండ నడినెత్తికి రాకముందే ఈశ్వరప్ప వచ్చాడు. తోట పక్క ఊరి రైతు, ఏటా రాగులు ఈ మండీకే తెస్తాడు. మెట్ల కింద చెప్పులు విడిచీ విడవకముందే విశాలమ్మ కాఫీ గ్లాసుతో ఎదురొచ్చింది.

"ఎట్ల ఉండాడప్పా?"

"బాగుండాడు వదినా. రెండు పూట్లా ముద్ద తింటాడు. మా ఇంటిది చేసి పంపతాది."

"ముద్దలోకి ఏమి?"

"ఒక దినం ఆకుకూర బస్సారు, ఒక దినం అనపకాయల సారు."

"పొద్దున్నే కాఫీ?"

"కాఫీ యాడిది వదినా తోటలో?"

విశాలమ్మ కళ్ళు తిప్పుకుంది. కాఫీ లేకపోతే ఆయనకు పొద్దెక్కే లోపల తలనొప్పి పట్టుకుంటుంది. ఆ సంగతి ఈశ్వరప్ప భార్యకు ఎలా తెలుస్తుంది?

"చలికి ఏమి కప్పుకుంటా ఉండాడు?"

"గోనె పట్టాలు ఉండాయి గదా. నేను కంబళి ఇస్తే వద్దనినాడు."

"ఇంగేమన్నా చెప్పినాడా?" నన్ను అడిగాడా అనే మాట ఆవిడ గొంతు దాటి రాలేదు.

"ఓ, చెప్పినాడు," అన్నాడు ఈశ్వరప్ప ఉత్సాహంగా. గిరీశ్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పి పంపితివే, మొబైల్‌లో మండీ ఫోన్ పెట్టి ఇస్తానని, దానికి సరే అనినాడు. పంపమను, ఈడ్నుంచే మాట్లాడతాను అనినాడు."

గిరీశ్ ముఖం వెలిగిపోయింది. ఇన్ని రోజుల్లో వాడి ముఖంలో రక్తం చూడడం అదే మొదటిసారి.

"చూసినావా అమ్మా! నాయన ఒప్పుకున్నాడు!" గబగబా లోపలికి వెళ్ళి కొత్త మొబైల్ పెట్టె తెచ్చాడు. అంటే ముందే కొని పెట్టుకున్నాడన్నమాట. "సహనా, దీంట్లో ఆ యాప్ వేసేయ్. ఒకటో నంబరు దీనికి కలిపేయ్."

"దీనికి ఏమి కలిపేది?" అడిగింది విశాలమ్మ.

"ఒకటి అమ్మా. ఎవరన్నా మండీకి చేసి ఒకటి ఒత్తితే తోటలో నాయన జేబులో మోగుతాది. నాయన ఆడ్నుంచి ఎవరికి చేసినా మన మండీ నంబరే కనపడతాది. నాయన ఈడ లేడని ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీదా?"

"ఎవరికీ."

"అయితే ఈడ కుర్చీ కాడ మోగదా?"

"కుర్చీ కాడ మోగి ఏమి లాభం? మనిషి యాడుంటే ఆడ మోగతాది. అదే గదా దీని గొప్ప!"

విశాలమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఫోన్ మోగిన చోటికి మనిషి పరుగెత్తుకు వచ్చేవాడు. స్నానం మధ్యలో లేచి వచ్చేవాడు, అన్నం చేయి కడుక్కోకుండా వచ్చేవాడు. ఇప్పుడు మనిషి ఉన్న చోటికి ఫోనే పోతుందట. ఇక ఆయన ఎందుకు వస్తాడు?

"ఆ ఫోన్ పంపొద్దు," అంది.

"ఏమంటివి?"

"పంపొద్దు అన్నాను. ఆ తోటలో పంపుసెట్టు గది మిద్దె ఎక్కితే గానీ సిగ్నల్ రాదంట గదా. ఈ వయసులో మిద్దెలు ఎక్కేదా? పడితే?"

"మెట్లు ఉండాయి వదినా," అన్నాడు ఈశ్వరప్ప. పాపం, మంచి చేస్తున్నాననుకున్నాడు.

"నీకు ఏమి కావాలమ్మా?" గిరీశ్ గొంతు లేచింది. "నాయన కోపం పోవల్ల అన్నావు. పోయింది. మాట్లాడల్ల అన్నావు. మాట్లాడతాను అంటా ఉండాడు. ఇంగేమి కావాల?"

నాకు ఆయప్ప కావాల. అంతే, అంతకంటే ఇంకేమీ వద్దు. కానీ కన్న కొడుకు ముందు, కోడలి ముందు, పరాయి రైతు ముందు ఆ మాట ఏ ఆడది అంటుంది?

గిరీశ్ తల్లి పక్కన మెట్టు మీదే కూర్చున్నాడు. గొంతు తగ్గింది.

"అమ్మా, నాయన ఒక్కడే అయిపోయినాడు అనే గదా నేను మాలూరు ఫ్యాక్టరీ వదిలేసి వచ్చింది. ఆ పొద్దు ఆ మాట ఎట్ల వచ్చిందో నాకే తెలీదు. అప్పట్నుంచి నాకు అన్నం దిగతా లేదు. ఇప్పుడు నాయన నాతో మాట్లాడతాడు అంటే నువ్వు అడ్డం పడితే ఎట్ల?"

కొడుకు కళ్ళలో నీళ్ళు చూసి విశాలమ్మ ఓడిపోయింది. లేచి లోపలికి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఒక సంచి ఉంది. అందులో కాఫీపొడి, ఇత్తడి ఫిల్టరు, చక్కెర, ఒక మందపాటి దుప్పటి.

"ఫోన్‌తో పాటు ఇదీ ఇయ్యి ఈశ్వరప్పా. పొడి నిన్ననే ఆడించింది అని చెప్పు."

* * *

మర్నాడు పొద్దున్నే మండీలో పండగ వాతావరణం. గిరీశ్ బొత్తాలు నొక్కి, స్పీకర్ పెట్టి, బల్ల చుట్టూ అందరినీ పిలిచాడు. విశాలమ్మ మెట్ల మీదే నిలబడింది.

"హలో, మండీ!"

అచ్చం ఆ గొంతే. ఎప్పుడూ కుర్చీలో కూర్చుని అన్నట్లే అన్నాడు. విశాలమ్మ గోడ పట్టుకుంది.

"నాయనా, వినబడతా ఉండాదా?"

"బాగా వినబడతా ఉండాది గిరీశా. ఏమప్పా ఇది, పక్కలో కూర్చోని మాట్లాడినట్లే ఉండాదే!"

"కాదా మరి! నీకు ఇబ్బంది ఏమీ లేదు గదా?"

"ఏమి ఇబ్బంది? నిన్న సాయంత్రం మాలూరాయన ఒకడు ఒకటి ఒత్తినాడు. మిద్దె మింద కూర్చోని బేరం ముగించేసినాను. మామిడి పూత ఈసారి శానా బాగా పట్టింది రా. చల్లగా గాలి, బజారు ధూళి లేదు, గిరాకీ మొగం చూసే పనే లేదు." అని నవ్వాడు. "ఇంత సుఖం ఉంటే ఇంగ ఆడికి ఏటికి వస్తాను? ఈడ్నే ఉండిపోతాను పో!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. గిరీశ్ అందరికంటే గట్టిగా నవ్వాడు, వాడి గుండె మీది బరువు దిగిపోయింది. విశాలమ్మ ఆ నవ్వు విని ఎన్నో నెలలైంది. ఈ ఇంట్లో ఉండగా ఆయన అలా నవ్వలేదు. దూరంగా పోయాక నవ్వుతున్నాడు. అది తలుచుకుంటే ఆవిడకు ఏడుపు ఆగలేదు.

"నాయనా, అమ్మ ఈడ్నే ఉండాది. ఇస్తాను, మాట్లాడు."

అవతల నవ్వు ఆగింది. తోటలో ఏదో పిట్ట అరవడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

"వద్దులే," అన్నాడు చివరికి. "పని ఉంటాది ఆమెకు. కాఫీపొడి చేరింది అని చెప్పు."

అంతే, కోసేశాడు. గిరీశ్ మెట్ల వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

* * *

మధ్యాహ్నం అత్తాకోడళ్ళు వంటింట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నారు. వేళ్ళ మధ్య గింజ నొక్కితే పప్పు టప్పున గిన్నెలో పడుతుంది.

"అత్తా," అంది సహన. "మామ కోపం పోయింది గదా. మీకు ఇంగేమి బేజారు?"

"కోపం ఉంటేనే బాగుండు. కోపం ఉండే మనిషి తిట్టేదానికైనా వస్తాడు."

సహన చేతులు ఆగాయి.

"నీకొకటి చెప్తాను, నవ్వొద్దు," అంది విశాలమ్మ. "పెళ్ళైన కొత్త. మదరాసులో ఎవరిదో పెళ్ళికి పోతా ఉండాము. మన జంక్షన్‌లోనే. గనుల నుంచి కేజీఎఫ్ బండి వచ్చి నిలిచింది, ఆ జనం, ఆ జనం! ఆయప్ప నీళ్ళకు పోయినాడు. నేను ట్రంకుపెట్టె కాడ ఉండాను. జనం నన్ను యాడికో తోసేసినారు. దూరంలో ఆయప్ప కనపడతా ఉండాడు. నన్ను వెతుకుతా ఆ పక్కకు పోతా ఉండాడు. నోరు తెరిచినాను. పేరు గొంతు కాడికి వచ్చింది. మింగేసినాను. ఇదో, ఇదో అని అరిచినాను. ప్లాట్‌ఫారం మింద ఉండే మొగోళ్ళంతా తిరిగి చూసినారు, ఆయప్ప ఒక్కడు తప్ప."

సహన నవ్వు ఆపుకోలేకపోయింది. విశాలమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"మా మదరాసు బండి పోయింది. చివరికి ఆయప్పే నన్ను చూసినాడు. తిట్టలేదు. ఒక్క తూరి పేరు పెట్టి పిలిచి ఉంటే వచ్చేసేవాణ్ణి గదే అనినాడు. ఇంటికి వచ్చినంక గూడా అడిగినాడు. ఎవరూ లేరు, ఒక్క తూరి అను, నా పేరు నీ నోట ఎట్ల ఉంటాదో వింటాను అనినాడు."

"అన్నారా?"

"ఎట్ల అంటానమ్మా? ఆయప్ప ఆయుస్సు గదా."

"నేను దినామూ గిరీ గిరీ అంటా ఉండాను గదత్తా!"

"నువ్వు అను. నేను దీపంలో వాడి పేరున ఇంగొక వత్తి వేస్తా ఉండాను లే."

సహన దేవుడి గూటి వైపు తిరిగి చూసింది. ఇన్నాళ్ళుగా ఆ ఇంట్లో ఒక వత్తి ఎక్కువ వెలుగుతోందని ఆ పిల్ల గమనించనే లేదు.

విశాలమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. దేవుడి గూటి ముందు కాసేపు నిలబడి వచ్చింది.

"ఆ రికార్డ్ చేసేది తీసుకోని రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. గిరీశుడు పైకి రాకముందే."

సహన బొత్తాం నొక్కి తలూపింది. విశాలమ్మ మొబైల్‌ను రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక్కొక్క మాటా విడివిడిగా వచ్చింది.

"నమస్కారం. శ్రీ వెంకటరమణ ధాన్యం మండీ. నేను విశాలమ్మను. గిరీశ్‌తో మాట్లాడల్ల అంటే రెండు ఒత్తండి. వెంకటరమణప్పతో మాట్లాడల్ల అంటే ఏమీ ఒత్తొద్దండి. వెంకటరమణప్ప ఇంట్లో లేడు. ఇంటికి వచ్చినంక చేయండి."

అయిపోయిందనుకుని సహన చెయ్యి చాచింది. విశాలమ్మ మొబైల్ వదల్లేదు. గొంతు ఒక్కసారిగా పడిపోయింది.

"వెంకటరమణప్పా. ఇంగ సాలు. ఇంటికి రా."

మొబైల్ కోడలి ఒళ్ళో పడేసి, తాళి తీసి కళ్ళకద్దుకుని, గోడకు తిరిగి కూర్చుంది.

"అత్తా, ఆ చివరి మాట తీసేసేదా? ఊరంతా వింటారు."

"విననీ. ఇదో, ఇదో అని అరిచినప్పుడూ ఊరంతా వినింది. వినల్సిన మనిషి వినలేదు."

సహన ఆ మాటతో సహా దాచి, మండీ ఫోన్‌కు పెట్టేసింది. ఏదీ నొక్కకుండా ఊరుకున్నవాళ్ళకు చివరికి కింది సెట్టు మోగేటట్లు అంతకు ముందే ఏర్పాటు చేసి ఉంచింది.

* * *

సంత నాడు గుట్టు రట్టయింది. రాగులు దించడానికి వచ్చిన ప్రతివాడూ గిరీశ్‌ను చూసి ముసిముసిగా నవ్వాడు. ఒకడు, "ఏమప్పా, మీ అమ్మ పిలస్తా ఉండాది, మీ నాయన వచ్చినాడా ఇంగా లేదా?" అని అడిగేశాడు. గిరీశ్ తన మొబైల్ నుంచి మండీకి చేసి విన్నాడు. విని, ఎర్రబడిన ముఖంతో పైకి కేకేశాడు.

"అమ్మా! సహనా! ఇద్దరూ కిందికి రండి!"

ఇద్దరూ వచ్చారు.

"ఇదేమమ్మా? మన పరువు ఏం కావల్ల? మూడు దినాల నుంచి ఒక్కడు ఒకటి ఒత్తలేదు. నాయన ఆడ ఆ ఫోన్ పట్టుకోని మిద్దె మింద ఎదురు చూస్తా కూర్చోని ఉంటాడు. నిన్న నాకు చేసి, ఏమప్పా మండీ మూసేసినారా అని అడిగినాడు. ఇప్పుడు అర్థమయింది."

"మూసేసినారా అని అడిగినాడా?" విశాలమ్మ ఆత్రంగా ముందుకు వచ్చింది. "ఇంగేమడిగినాడు?"

"ఇంగేమీ లేదు! సహనా, దాన్ని ఇప్పుడే తీసేయ్."

"అత్త చెప్తే తీస్తాను," అంది సహన.

అంతలో బల్ల మీద ఫోన్ ఒక్కసారి మోగి తెగిపోయింది. గిరీశ్ విసుక్కున్నాడు.

"ఇదొకటి. పొద్దుట్నుంచి ఎవడో సతాయిస్తా ఉండాడు. ఎత్తే లోపల కోసేస్తాడు. ఈ నంబర్‌ను బ్లాక్ చేసేయ్ ముందు."

సహన తెర మీదికి వంగి చూసింది. చూసి, నిటారుగా నిలబడింది.

"గిరీ, ఇది ఈశ్వరప్ప మామ నంబరు."

"ఈశ్వరప్పదా? మాట్లాడకుండా ఏటికి కోస్తాడు?"

"ఆయన కాదు." సహన గొంతు తగ్గింది. "మీ నాయన చేతిలో ఉండే ఫోన్‌తో చేస్తే నేరుగా మనకు మోగుతాది. అత్త మాట వినపడదు. వినపడల్ల అంటే బయటి ఫోన్‌తో చేయల్ల. చివరి దాకా వింటే ఈడ మోగుతాది. మోగంగానే కోసేస్తా ఉండారు. మళ్ళీ చేస్తా ఉండారు."

అంతవరకూ చెప్పి ఆగింది. మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. హమాలీలు కూడా బస్తాలు దించి నిలబడ్డారు. కాపురమంతా ఆమె నోట వినాలనుకున్న తన పేరును వెంకటరమణప్ప ఇప్పుడు ఇంకొకరి ఫోన్ అడిగి తీసుకుని, మళ్ళీ మళ్ళీ వింటున్నాడు.

విశాలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఒకసారి. అందరూ తెగిపోతుందనే అనుకున్నారు. తెగలేదు. రెండోసారి మోగింది. మూడోసారి మోగింది.

గిరీశ్ ఉలిక్కిపడి చెయ్యి చాచాడు. "నాయన మాట్లాడల్ల అని ఉండాడు!"

"ముట్టొద్దు!"

అంత గట్టిగా తల్లి అరవగా వాడు ఎన్నడూ వినలేదు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏటికమ్మా? ఆయన నీతోనే మాట్లాడేదానికి—"

"నాకు తెలుసు రా. ఎత్తితే మాట్లాడేస్తాడు." విశాలమ్మ కొడుక్కి, ఫోన్‌కు మధ్యకు వచ్చింది. "మాట్లాడేస్తే ఇంగ రాడు."

ఆ రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది. మనసు మార్చుకుని ఆయన పెట్టేస్తే, ఇంకెప్పుడూ చేయకపోతే? రెండు చేతులూ కొంగులో బిగించి చుట్టుకుని, ఆయన కుర్చీ పక్కన నిలబడింది. ఫోన్ మోగుతూనే ఉంది.